పెట్టె మనింట్లో, తాళంచెవి వాళ్ల దగ్గర

2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయల్-అప్ ఇంటర్నెట్ సేవకు మంగళం పాడింది. అది ఇంకా బతికే ఉందా అని వార్త చదివిన చాలామంది ముక్కున వేలేసుకున్నారు. రెండు వారాలు తిరిగేసరికి, అక్టోబరు 14న, విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు కూడా ఈ తీరానికే వచ్చి చేరతాయని చెప్పింది.

ఈ రెండు వార్తలకూ నడుమ విశాఖ శివారు కూర్మన్నపాలెంలో ఒక మధ్యతరగతి ఇంటిని ఊహించుకుందాం. కరెంటు స్తంభం మీంచి సన్నటి నల్ల తీగ కిటికీ సందులోంచి హాల్లోకి వచ్చింది. టీవీ పక్కన చిన్న పెట్టె, దానిమీద నాలుగైదు దీపాలు. బిగించిన కుర్రాడు అరగంటలో పని ముగించి, వైఫై పాస్‌వర్డ్ కాగితమ్మీద రాసిచ్చి బండెక్కాడు. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో పిల్లలకి కంఠతా వచ్చు. కానీ కనెక్షన్ ఏ యూజర్‌నేమ్ మీద నడుస్తోంది? పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్ ఏమిటి? అసలా పెట్టె సొంతమా, అద్దెదా? ఏది అడిగినా జవాబు ఒకటే: "కేబులబ్బాయికి తెలుసండీ."

పాతికేళ్ల కిందట ఇదే ఊళ్లో మోడెం పెట్టుకున్న ఇంట్లో ఇలాంటి ప్రశ్నలకి జవాబులు ఫోన్ పక్కన డైరీలో ఉండేవి. నెట్ నత్తనడక నడిచేది, బిల్లు వాచిపోయేది, లైను మాటిమాటికీ తెగిపోయేది. అయినా కనెక్షన్ పగ్గాలు ఇంటివాళ్ల చేతిలో ఉండేవి. ఇప్పుడు వేగం వచ్చింది, పగ్గాలు చేజారాయి. వేగం కావాలంటే వాటిని వదులుకోక తప్పదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ చేతుల మీదుగా వచ్చింది. మొదట ముంబయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు లాంటి పెద్ద నగరాలకే. ఆ వరుసలో విశాఖ లేదు. వేగం 9.6 కేబీపీఎస్. వ్యక్తులకు 250 గంటల చందా 5,000 రూపాయలు, ఫోన్ బిల్లు అదనం. విద్యార్థులకు 500 రూపాయల చందా ఉండేది గానీ అందులో బొమ్మలు రావు, అక్షరాలే. మొదటి నెలల్లో లైన్లు దొరక్క చందాదారులు గోలపెడితే సంస్థ అధిపతి బి.కె.సింగాల్ విలేకరుల ముందు పొరపాటు ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో నెట్ పోయిందని ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు తప్ప మనిషి దొరకడం కష్టం. ఆనాడు ఏకంగా చైర్మనే జవాబు చెప్పారు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. సత్యం ఇన్ఫోవే తొలి అడుగు వేసింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ పుట్టాక దాని సంచార్‌నెట్ ప్యాకెట్లు చిన్న ఊళ్లకూ చేరాయి.

ఇక కూర్మన్నపాలెం సంగతి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసే నాటికే గేటు బయట ఉన్న ఈ కూడలి ఊరి రూపు తొడిగింది. లోపల ఉక్కునగరం క్వార్టర్లు. బయట వడ్లపూడి, దువ్వాడ, అగనంపూడి. భూములిచ్చిన నిర్వాసితుల కాలనీలు, వాళ్లకిచ్చిన పునరావాస (ఆర్) కార్డులు, మూడు షిఫ్టుల బతుకులు. నెలజీతం ఉన్న ఇల్లు, ఇంజినీరింగో ఎంసీయేనో చదివే పిల్లలు. వాళ్లలో కొందరు వై2కే హడావిడిలో అమెరికా విమానం ఎక్కేశారు. ఐఎస్‌డీ కాల్ నిమిషానికి పదుల రూపాయలు. ఒక్క ఈమెయిల్ వెళ్లినా ఆ ఖర్చు మిగులుతుంది. ఇరవై కిలోమీటర్ల అవతల నగరంలో కంప్యూటర్ కొనుక్కొచ్చిన వాళ్లను మోడెం దాకా నడిపించింది ఎక్కువగా ఈ లెక్కే.

మోడెంలు రెండు రకాలు. బయట పెట్టేది ఖరీదు ఎక్కువ, బతుకు కూడా ఎక్కువ. సీరియల్ తీగతో సీపీయూ వెనక తగిలిస్తే చాలు, ముందు దీపాలు చూసి లోపల ఏం జరుగుతోందో పోల్చుకోవచ్చు. లోపల బిగించేది చవక. అందుకే ఎక్కువ ఇళ్లలో అదే. సీపీయూ మరలు విప్పి, ఖాళీ స్లాటులో కార్డు గుచ్చి, మళ్లీ మూసేసరికి పని సగం కూడా అయ్యేది కాదు. పాతరకం కార్డుల మీద చిన్న చిన్న జంపర్లుండేవి. మోడెం ఏ కామ్ పోర్టు అనుకోవాలో వాటితోనే చెప్పాలి. కామ్1, కామ్3 పోర్టులు రెండూ ప్రాసెసర్‌ను పిలిచే ఒకే సంకేతాన్ని (ఐఆర్‌క్యూ 4) పంచుకునేవి. మౌస్ కామ్1 మీద ఉండి మోడెంను కామ్3 మీద పెడితే, నెట్ కలిసిన క్షణాన మౌస్ బిగుసుకుపోయేది, లేదా మౌస్ కదిపితే నెట్ పోయేది. కంప్యూటర్ పాడైందని ఎన్ని ఇళ్లవాళ్లు సీపీయూను ఆటోలో వేసుకుని షాపుకి మోసుకెళ్లారో! జంపర్ ఒకటి మార్చి కామ్2 మీద పెడితే అయిపోయేది.

తరవాత వచ్చిన చవక కార్డులు ఇంకో చిత్రం. మోడెం చేయాల్సిన లెక్కలన్నీ కంప్యూటర్ ప్రాసెసర్ మీదికి నెట్టేసేవి. విండోస్ డ్రైవర్ లేకపోతే అవి ఉత్త రేకుముక్కలు. డ్రైవర్ సీడీ పోగొట్టుకున్న ఇంట్లో ఆ సీడీ కోసం వీధంతా తిరిగేవాళ్లు.

కార్డు బిగించాక కంట్రోల్ ప్యానెల్‌లో మోడెంను గుర్తించాలి. డయల్-అప్ నెట్‌వర్కింగ్ లేకపోతే విండోస్ 98 సీడీ పెట్టి ఎక్కించాలి. కొత్త కనెక్షన్‌కి పేరు పెట్టి, సర్వీసు ఇచ్చేవాళ్ల నంబర్ కొట్టాలి. సంచార్‌నెట్‌కైతే 172233. ఆఫీసు ఎక్స్‌టెన్షన్ లైనైతే ముందు సున్నానో తొమ్మిదో వేసి ఒక కామా పెట్టాలి. కామా అంటే మోడెంకి కాసేపు ఆగమని అర్థం. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, డీఎన్ఎస్ అంకెలు ప్యాకెట్‌తో వచ్చిన కాగితంలో ఉండేవి. ఆ కాగితం ఇంట్లో రేషన్ కార్డు పక్కన చేరేది.

అన్నీ సరిగ్గా చేసినా "నో డయల్ టోన్" అని, ఎర్రర్ 680 అని తెర మీద పడేది. ఫోన్ ఎత్తి వింటే టోన్ బ్రహ్మాండంగా ఉంది. మరి మోడెంకి చెవుడా? చెవుడు కాదు. అది అమెరికా డయల్ టోన్ కోసం ఎదురు చూస్తోంది. అక్కడ 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండు కలిసి మోగుతాయి. మన ఎక్స్ఛేంజీలది 400 హెర్ట్జ్ స్వరం, దాన్ని సెకనుకి 25 సార్లు వణికిస్తారు. మన టోన్‌ను ఆ మోడెం గుర్తుపట్టలేదు. విండోస్‌లో "వెయిట్ ఫర్ డయల్ టోన్" అన్న చోట టిక్కు తీసేయడమో, మోడెంకి ఏటీఎక్స్3 అనే ఆదేశం ఇవ్వడమో దీనికి మందు. హేయస్ అనే అమెరికా కంపెనీ 1981లో తన స్మార్ట్‌మోడెంతో తెచ్చిన ఆదేశాల భాష అది. ఆ తర్వాత కంపెనీ దివాలా తీసింది, దాని భాష మాత్రం కూర్మన్నపాలెం దాకా వచ్చింది. ఈ చిట్కా తెలిసిన కుర్రాడికి వీధిలో డాక్టరంత గౌరవం దక్కేది.

టోనా, పల్సా అన్నది ఇంకో పరీక్ష. డిజిటల్ ఎక్స్ఛేంజ్ రాని చోట పల్స్ పెట్టాలి. టోన్ పెడితే మోడెం తన పాట తాను పాడుకునేది, ఎక్స్ఛేంజ్ వినేది కాదు.

చివరికి కలిసినప్పుడు వచ్చే ఆ కీచు శబ్దాల గురించి ఇప్పుడు చాలామంది ముచ్చటగా రాస్తారు. ముచ్చట మాట అలా ఉంచితే, ఆ స్పీకర్ పెట్టింది పని కోసమే. రాంగ్ నంబర్ పడి అవతల ఎవరో "హలో" అంటే వినపడాలి. ఎంగేజ్ టోన్ వస్తే తెలియాలి. అవతలి మోడెం పలికే 2,100 హెర్ట్జ్ కూత దారిలో ఉన్న ఎకో నియంత్రణ పరికరాలను పక్కకి తప్పుకోమనే సంకేతం. తర్వాతి గరగరలు లైను ఎంత వేగం మోయగలదో రెండు మోడెంలూ తేల్చుకునే బేరం. ఏ దశలో ఆగిపోయిందో వినబట్టి లోపం ఇంట్లోదా, తీగదా, అవతలి వాళ్లదా అని అలవాటు పడ్డ చెవి చెప్పేసేది.

56కే అని డబ్బా మీద రాసి ఉన్నా 1998లో వచ్చిన వి.90 ప్రమాణం ప్రకారం కూడా అది పైనుంచి కిందికి వచ్చే వేగమే. మన నుంచి పైకి వెళ్లేది 33.6 కేబీపీఎస్ దాటదు. నిజంగా 44 వస్తే ఆ రోజు పండగ. కొన్ని డ్రైవర్లు "115,200 వేగంతో కనెక్ట్ అయ్యారు" అని గొప్పలు పోయేవి. అది కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య వేగం, ఫోన్ తీగ మీది వేగం కాదు. 44 వేగంతో ఒక ఎంబీ దిగడానికి మూడు నిమిషాలు. లోకల్ కాల్ మీటర్ కూడా మూడు నిమిషాలకోసారే తిరిగేది. అంటే ఎంబీకో కాల్. డేటాకి ఇంత తేలికైన లెక్క మళ్లీ ఏ బిల్లులోనూ రాలేదు. ఈనాడు పత్రిక నెట్‌లో చదవాలన్నా ముందు దాని ఫాంటు దింపుకోవాలి. ఆ దింపుడుకీ మీటర్ తిరిగేది.

ఇంత తతంగంలో అసలు లాభం ఒకటుంది. లైన్‌మన్‌తో సమానంగా నిలబడి మాట్లాడే శక్తి. 198కి ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చి, ఫోన్ ఎత్తి, "మాట వినిపిస్తోంది కదండీ, లైను బాగున్నట్టే" అనేవాడు. మాటకి సరిపోయే తీగ మోడెంకి సరిపోదు. అది తెలిసిన ఇంటాయన "నిన్నటిదాకా 44 వచ్చేదండీ, వాన పడ్డాక 28 దాటట్లేదు, ఒక్క అంకె నొక్కి టోన్ ఆపి వినండి, గరగర ఎంతుందో" అనేవాడు. అప్పుడు లైన్‌మన్ నిచ్చెన వేసి తీగలు కలిసే డీపీ పెట్టె విప్పక తప్పేది కాదు. సముద్రపు ఉప్పు గాలికి చిలుం పట్టిన జాయింటు అక్కడ దొరికేది. వినియోగదారుడి హక్కు అంటే ఉపన్యాసాల్లో చెప్పేది కాదు, ఇలాంటిదే. ఏ ప్రశ్న అడగాలో తెలిసిన మనిషికి పని జరిగేది.

అలాగని ఆ కాలాన్ని బంగారు కాలం అనడానికి లేదు. ఉరుము ఉరిమితే ముందు ఫోన్ తీగ పీకాలి, లేకపోతే తీగ వెంబడి వచ్చిన ఒక్క దెబ్బకి మోడెం మాడిపోయేది. పక్క గదిలో ఎవరైనా పారలల్ ఫోన్ ఎత్తితే ముప్పావు వంతు దిగిన ఫైలు మళ్లీ మొదటికి. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ ఎంగేజ్. బి షిఫ్టు ముగించుకుని రాత్రి పదింటికి వచ్చే మనిషి ఆలస్యమవుతుందని కబురు చెప్పాలన్నా లైను దొరకదు. తెలియకుండా ఎక్కించుకున్న డయలర్ ప్రోగ్రాములు గుట్టుగా విదేశీ నంబర్లకు ఫోన్ చేస్తే వచ్చిన బిల్లు చూసి కళ్లు తిరిగేవి. అన్నిటికీ మించి, ఇదంతా ఫోనూ కంప్యూటరూ రెండూ ఉన్న ఇళ్ల కథ. ఆర్ కార్డు ఉన్నా ఉద్యోగం రాని ఇంటి పిల్లలకి గాజువాక నెట్ సెంటరే దిక్కు.

అందుకే బ్రాడ్‌బ్యాండ్ రావడం మంచిదైంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ అదే రాగి తీగ మీద 256 కేబీపీఎస్ ఇచ్చింది, ఫోన్ కూడా ఖాళీగా ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, 149 రూపాయల ప్యాకేజీతో నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తానంది. ఇవి చిన్న విజయాలు కావు. మరోవైపు 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో దేశం మొత్తమ్మీద 78 వేలమందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. ఏ వీధిలో ఏ జాయింటు తడుస్తుందో చేతిగీతల్లా తెలిసిన తరం వాళ్లతో పాటే వెళ్లిపోయింది. ఇటు ఇంటివాళ్లకి తెలియదు, అటు తెలిసినవాళ్లు లేరు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. డయల్-అప్ నిజానికి పూర్తిగా చావలేదు. ఆనాడు మోడెం కలిశాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి లోపలికి పంపిన పద్ధతి పేరు పీపీపీ. దాన్నే 1999లో ఈథర్నెట్ తీగకి సరిపడేలా మార్చి పీపీపీఓఈ అన్నారు. ఈనాటి ఫైబర్ కనెక్షన్లు చాలావాటిలో ఆ పెట్టె ఆన్ చేయగానే గుట్టుగా చేసేది అదే పని. ఎవరికీ కనపడకుండా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్తుంది. పాస్‌వర్డ్ తప్పితే అప్పుడు విండోస్ చూపిన ఎర్రర్ 691, కంప్యూటర్‌నే నేరుగా తీగకి కలిపి చూస్తే ఇప్పుడూ కనిపిస్తుంది. మారిందల్లా ఆ రెండు మాటలూ ఎవరికి తెలుసన్నదే. అప్పుడు ఇంటివాళ్లకి. ఇప్పుడు బిగించిన కుర్రాడికి.

దీనివల్ల నష్టం ఏమిటో 2017 జులైలో తేలిపోయింది. బ్రికర్‌బాట్ అనే మాల్‌వేర్ దాడిలో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ చందాదారుల మోడెంలు 60,000కు పైగా మూగబోయాయి. లోపలికి దూరడానికి పెద్ద మాయాజాలం ఏమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన "అడ్మిన్" లాంటి పాస్‌వర్డులు అలాగే వదిలేసి ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చుకోండని బీఎస్ఎన్ఎల్ జనాన్ని కోరింది. తమ మోడెంకి వైఫైది కాకుండా ఇంకో పాస్‌వర్డ్ ఉందన్న సంగతే తెలియని ఇళ్లకి ఆ సలహా ఏం ఉపయోగం? అంతకు ఏడాది ముందు మిరాయ్ అనే బాట్‌నెట్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డుల చిట్టా పట్టుకునే ప్రపంచమంతా కెమెరాలు, రౌటర్లను లొంగదీసుకుని, 2016 అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి పడగొట్టింది. అంటే ఇంట్లో పెట్టెకి తాళం వేయకపోతే పోయేది ఆ ఇంటి నెట్ ఒక్కటే కాదు.

మామూలు మనుషులకి ఇవన్నీ ఎందుకు, గొడవ లేకుండా నడిస్తే చాలదా అని ఆపరేటర్లు అంటారు. వివరాలు ఇస్తే జనం కెలికి పాడుచేస్తారు, మళ్లీ మేమే రావాలి అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఫైబర్ పెట్టె సీరియల్ నంబర్ ఆపరేటర్ దగ్గర నమోదైతేనే పనిచేస్తుంది, కాబట్టి బజార్లో ఏదో ఒకటి కొని తగిలించుకోవడం కుదరదు. సరే. కానీ ఆ వాదన పెట్టె మార్చడానికే వర్తిస్తుంది. సొంత కనెక్షన్ యూజర్‌నేమ్ తెలుసుకోవడానికి వర్తించదు. కరెంటు మీటర్ నంబర్, గ్యాస్ కనెక్షన్ నంబర్ ఇంటివాళ్లకి ఇస్తే ఎవరూ కెలికి పాడుచేయలేదు. అసలు కారణం వేరే ఉందనిపిస్తుంది. వివరాలు లేని చందాదారు ఆపరేటర్ మారడానికి జంకుతాడు, చిన్న సమస్యకి కూడా ఆ కుర్రాడి ఫోన్ కోసమే కాచుకుని కూర్చుంటాడు.

పెట్టె మీది దీపాల సంగతే చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు సంకేతం పెట్టెదాకా రావడం లేదని అర్థం. అంటే బయట తీగ తెగిందో, మడత పడిందో, జాయింటు ఊడిందో. పెట్టెను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఎర్ర దీపం లేకుండా నెట్ రాకపోతే లోపం లాగిన్‌లోనో, బిల్లులోనో, పై సర్వర్లోనో ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసిన ఇల్లాలు ఫోన్‌లో "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది బాబూ, నిచ్చెన తెచ్చుకో" అనగలదు. "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండమ్మా" అన్న జవాబుతో సాయంత్రం దాకా కాలక్షేపం చేయించడం అప్పుడు కుదరదు.

బీఎస్ఎన్ఎల్, ఫైబర్‌నెట్, ప్రైవేటు సంస్థలు కలిసి చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. కనెక్షన్‌తో పాటు తెలుగులో అచ్చేసిన ఒక కార్డు. అందులో చందాదారు నంబర్, లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మార్చుకునే దారి, పెట్టె ఎవరిదన్న సంగతి, ఏ దీపం వెలిగితే ఏమిటన్న నాలుగు వాక్యాలు ఉండాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను బిగించే రోజే ఇంటివాళ్ల ఎదుట మార్పించడం తప్పనిసరి చేయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ మేరకు ఒక ఆదేశం ఇస్తే దేశమంతటికీ సరిపోతుంది. కూర్మన్నపాలెంలో అమ్మానాన్నల ఇంటి నెట్ పోయిందని టెక్సస్ నుంచి ఫోన్ చేసి దిక్కుతోచక కూర్చునే పిల్లలకీ ఆ కార్డు ఫొటో ఒకటి చాలా మేలు.

ఆ ఆదేశం వచ్చేదాకా పని మన చేతుల్లోనే ఉంది. ఈసారి ఇంట్లో కనెక్షన్ బిగించినప్పుడు యూజర్‌నేమ్, పెట్టె సెట్టింగుల పాస్‌వర్డ్, పెట్టె సీరియల్ నంబర్, ఫిర్యాదు నంబర్ కాగితమ్మీద రాయించుకోండి. అవి చేతికొచ్చాకే ఇన్‌స్టలేషన్ పూర్తయిందని సంతకం పెట్టండి. డబ్బులు కూడా అప్పుడే ఇవ్వండి.